పై అంతస్తు పెద్దావిడకు కృతజ్ఞతలు

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మేం నలుగురం అద్దెకున్న ఫ్లాట్‌లో, నడి చలికాలంలో, బీరువా వెనక గోడంతా నల్ల బూజు పట్టింది. డిపాజిట్ పోయినట్టేనని బెంగపెట్టుకున్నాం.

వాసన మెట్లదాకా వచ్చిందో ఏమో, పై అంతస్తు పెద్దావిడ చేతి తొడుగులు, 80 శాతం ఆల్కహాల్ సీసా పట్టుకుని తలుపు తట్టారు. మేం వెనిగర్‌తో తుడవబోతుంటే ఆపారు. గోడలోని సున్నం దాని పులుపును విరిచేస్తుందట, మిగిలేది బూజుకు మేతేనట. స్టవ్వు ఆర్పించి, కిటికీలు బార్లా తెరిపించి, తనే గుడ్డ తడిపి మచ్చలన్నీ తుడిచారు.

అసలు పాఠం ఆ తర్వాత. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తేమ చల్లటి బయటి గోడ మీదే నీరవుతాయి. మేమేమో చలికి భయపడి కిటికీని వేలెడు వాల్చి గంటలకొద్దీ వదిలేసేవాళ్లం. అలా చేస్తే గాలి సరిగా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం ఇంకా చల్లబడుతుంది. హీటరు కట్టేసి, ఎదురెదురు కిటికీలు 5 నిమిషాలు పూర్తిగా తెరవాలి, రోజుకు మూడు నాలుగుసార్లు. దీన్ని స్టోస్‌ల్యుఫ్టెన్ అంటారు. మూసాక హీటరు మీట 3 మీద పెడితే సుమారు 20 డిగ్రీలు. బీరువాను గోడకు బెత్తెడు దూరం జరిపించారు. ఆ వయసులో తనూ ఓ చెయ్యి వేశారు!

వెళ్తూ తేమ చూపే చిన్న మీటరు ఇచ్చి, 60 దగ్గర ఎర్ర గీత గీశారు. కుక్కర్ కూత వినపడితే ఇప్పటికీ పైనుంచి నేల మీద రెండుసార్లు తడతారు.

తీస్తున్నామండీ, కిటికీ. ధన్యవాదాలు.