శీనుగాడికి, కత్తి గీత సంగతి

ఒరేయ్ శీనూ,

రాస్తా రాస్తా అని రెండు నెలలు గడిపేశా, నువ్వు రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, ఏమనుకోకురా. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, బానే కనిపిస్తోంది. పాప ఒకటో తరగతి. మిగతావి ఫోన్లో.

అసలు సంగతేంటంటే, నేను నేర్చుకుంటున్న చెక్క పనిలో నిన్న రాత్రి పన్నెండున్నరకి అతుకు కుదిరిందిరా! బెజ్జంలో టేకు ముక్క పెట్టి అరచేత్తో నొక్కితే టుక్ మని దిగి కూర్చుంది, జిగురు లేదు, మేకు లేదు, తలకిందులు చేసి ఊపినా ఊడలేదు. పద్నాలుగో నంబర్ రూమ్‌లో మన స్టూల్, నేలకి ఆనని దాని మూడో కాలు, నువ్వు వేసిన ఒట్టు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నిద్ర పడితే ఒట్టు.

మొదట్నుంచీ చెప్తా. ఐదు నెలలు ఫ్రీ వీడియోలు చూశా కదా, ఒకాయన రంపం లాగి కొయ్యమంటాడు, ఇంకొకాయన తోసి కొయ్యమంటాడు, ఏది ముందు నేర్చుకోవాలో ఎవరూ చెప్పరు. సరే డబ్బులు కట్టి పద్ధతిగా నేర్చుకుందాం అని ఒక పెద్ద అమెరికా సైట్‌కి ఏకంగా ఏడాదికి కట్టేశా, పేరు వద్దులే. శాంపిల్ వీడియోలో బల్ల అంత అందంగా ఉంది మరి. లోపలికెళ్తే మొదటి ప్రాజెక్టుకే టేబుల్ సా, జాయింటర్, థిక్‌నెసర్, బ్యాండ్ సా, అన్నీ పెద్ద కరెంటు మిషన్లే! అక్కడ కరెంటు 120 వోల్టులు, మనకి 230. నా వర్క్‌షాప్ అంటావా, మూడో అంతస్తులో బాల్కనీ, కింద ఇంట్లో పసిపిల్ల. వాళ్ళు చెర్రీ, వాల్‌నట్ కలప అంటారు, టింబర్ డిపోలో అడిగితే టేకుందండీ వేపుందండీ అన్నాడు. సైట్ వాళ్ళేమో డబ్బు వెనక్కి రాదన్నారు. వారం రోజులు మనసు బాలేదురా, నీకు చెప్పుకుందామంటే కూడా...

సరే, ఈసారి మూడు రాత్రులు కూర్చుని చూశా. ఆన్‌లైన్లో చెక్క పని నేర్పే ప్రతివాళ్ళ ఫ్రీ పాఠం ఒకటి తీసుకుని, నా దగ్గర లేని మిషన్ ఎన్నిసార్లు వస్తుందో కాగితం మీద గీతలు పెట్టుకున్నా. ఫైన్ వుడ్‌వర్కింగ్ 1975లో మొదలైన పత్రిక, మెంబర్‌షిప్ తీసుకుంటే పాత సంచికలన్నీ చదవొచ్చు, అది సముద్రం, ఈతొచ్చినవాడికి బాగుంటుంది. మార్క్ స్పాగ్నూలో దగ్గర ఒక్కో ప్రాజెక్టు విడిగా కొనుక్కోవచ్చు, బాగా చెప్తాడు, కానీ మిషన్లు ఎక్కువ. షానన్ రోజర్స్ అచ్చంగా చేతి పనిముట్లే, కాలేజీలో లాగా సెమిస్టర్లు పెట్టాడు, ఇదే తీసుకుందామనుకున్నా. చివరికి పాల్ సెల్లర్స్ దగ్గర ఆగా. ఇంగ్లండ్ ఆయన. పది చేతి పనిముట్లు, మూడు రకాల అతుకులు వస్తే చాలా వరకు చేసుకోవచ్చంటాడు. కొన్ని పాఠాలు ఫ్రీగానే చూడనిస్తాడు, నచ్చితేనే నెలకి కట్టొచ్చు, ఏడాదికి ఒకేసారి పోసెయ్యక్కర్లేదు. అన్నట్టు నువ్వు కూడా తీసుకుంటే ఒకటి గుర్తుపెట్టుకో, నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బులు కట్ అవ్వడానికి 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ మారింది, ముందు మనం ఓటీపీతో ఒప్పుకోవాలి, కొన్ని ఫారిన్ సైట్లకి మన కార్డు అలా పనిచెయ్యదు. డాలర్ రేటు మీద బ్యాంకువాడి చార్జీ కూడా కలుపుకుని లెక్కేసుకో.

ఇప్పుడు అసలు విషయం. నేను కోసిన ప్రతి అతుకులోనూ పక్కన సందు కనిపించేది కదా, ఫోటో పంపా చూడు, గోరు దూరేది. చెయ్యి తిరగలేదనుకున్నా. సెల్లర్స్ పెన్సిల్‌తో గీసి ఊరుకోడు. మూలమట్టం ఆనించి కత్తితో గీస్తాడు, ఆ గీతకి కోసి పారేసే వైపు ఉలితో సన్నగా ఓ పొర లేపుతాడు. చిన్న గాడి పడుతుంది, రంపం వచ్చి అందులో కూర్చుంటుంది, ఇక అటూ ఇటూ జారదు. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది కదరా, దానికి ఏ పక్కన కొయ్యాలో రంపానికేం తెలుసు! ఇది ఐదు నెలల్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పారేమో, నాకు పట్టలేదేమో. ఈయన మాత్రం నేను సరిగ్గా ఎక్కడ తప్పుతానో అక్కడే ఆగి, తప్పితే ఎలా ఉంటుందో కూడా చూపించాడు.

ఇంకోటి, సాన. 250, 600, 1200 గరుకు నంబర్ల డైమండ్ ప్లేట్లు, ఆ తర్వాత తోలు మీద రుద్దడం. ఆయన చాలాసార్లు మెత్తటి పైన్ కలప మీద చేస్తాడు, మన టేకులో సిలికా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. కాబట్టి ఆయన ఒకసారి సానపడితే నేను మూడుసార్లు పట్టాలి. పడుతున్నా, విసుగు రావట్లేదు, తోలు మీద ఆ చప్పుడు వింటుంటే...

నీ పెళ్ళికి ఏమీ ఇవ్వలేదు కదా, ఒక స్టూల్ చేస్తున్నా. నాలుగు కాళ్ళు. నాలుగూ నేలకి ఆనేలా చేస్తా, మూడో కాలు మీద ఒట్టు. రెండు అతుకులయ్యాయి, ఇంకా ఆరున్నాయి. కొలతలు పంపు, మీ వంటింటి గట్టు ఎత్తెంతో

క్యాబ్ వచ్చేసిందిరా, హారన్ కొడుతున్నాడు. ఎత్తు మర్చిపోకుండా పంపు.

నీ
రాంబాబు