నాయనమ్మ గొంతు దాచుకున్న చిన్న డిస్కు

శాన్ హోసే

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. 2005లో నేను తెచ్చిచ్చిన పాటల ప్లేయరు ఆన్ చేస్తే టక్ టక్‌మని చప్పుడు చేసి ఆగిపోతోందని మొన్న ఫోనులో అన్నారు. అప్పటినుంచి నా మనసు దానిమీదే ఉంది. నాయనమ్మ పాడిన గొబ్బిపాటలు దాని మైకులోనే రికార్డు చేశాం. వేరే చోట కాపీ తీసుకోలేదు. దయచేసి దాన్ని మళ్లీ ఆన్ చేయకండి.

ఆ ప్లేయరులో ఉన్నది 1.8 అంగుళాల హార్డ్ డిస్కు. అద్దంలా నున్నగా మెరిసే పళ్లెం ఒకటి లోపల నిమిషానికి 4,200 సార్లు తిరుగుతుంది. దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో, గాలి పొర ఆధారంతో, చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. హెడ్ తనకు కావలసిన జాడ దొరకక మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి వెతుక్కుంటున్నప్పుడు వచ్చేదే మీరు విన్న చప్పుడు. ఆ స్థితిలో నడిపితే హెడ్ పళ్లేన్ని గీరే ప్రమాదం ఉంది, గీరినచోట పాట శాశ్వతంగా పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని ఎవరో చెప్పారన్నారు కదా, అది అసలే వద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

ఈ డిస్కుల మీద నాకు గౌరవం ఎక్కువ. 1956లో ఐబీఎం మొదటి హార్డ్ డిస్కును ఈ ఊళ్లోనే తయారు చేసింది. రెండడుగుల వెడల్పున్న యాభై పళ్లేలతో టన్ను బరువు తూగే ఆ యంత్రంలో పట్టింది సుమారు 5 మెగాబైట్లే, అంటే ఇప్పటి లెక్కలో ఒక పాట. పక్కనే మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో దాన్ని చూసి, మన ప్లేయరును తలుచుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. తోషిబా వారు 1.8 అంగుళాల పళ్లెంలో 5 గిగాబైట్లు ఇమిడ్చారు. దాన్నే ఆపిల్ 2001 అక్టోబరులో తొలి ఐపాడ్‌లో పెట్టి, వెయ్యి పాటలు జేబులో పట్టేలా చేసింది. అందులో నాకు బాగా నచ్చిన ఉపాయం మరొకటి ఉంది: రాబోయే ఇరవై నిమిషాల పాటలను ముందే 32 మెగాబైట్ల మెమరీలోకి తెచ్చుకుని, డిస్కు తిరగడం ఆపేసేది. నడిచేటప్పుడు పాట తెగకపోవడానికీ, బ్యాటరీ అన్ని గంటలు రావడానికీ కారణం అదే. ఆ తర్వాత ఐపాడ్‌లలోకి ఒక అంగుళం డిస్కులూ వచ్చాయి. 2005లో ఐపాడ్ నానోతో, తిరిగే పళ్లెమే లేని చిప్పు అయిన ఫ్లాష్ మెమరీ ఆ చోటును ఆక్రమించింది.

ఆ ప్లేయరును మెత్తని పాత పంచెలో చుట్టి, బీరువాలో మీ బట్టల మధ్య పెట్టండి. సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే చేత్తో తీసుకువెళ్లి, దుమ్ము సోకని గదిలో డిస్కు తెరిచి డేటా తీసేవారికి ఇస్తాను. అన్ని పాటలూ వస్తాయని మాట ఇవ్వలేను. అమ్మకు ఇప్పుడే చెప్పకండి, ఆమె చూడాలని ఆన్ చేస్తుంది.

మీ కుమార్తె