కెనడా ప్రకటనల్లో కనిపించని రిజైనా

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో ‘కెనడా పీఆర్ గ్యారంటీ’ ప్రకటనలు మళ్లీ కనిపిస్తున్నాయి. పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. మధ్యలో కొన్నాళ్లు ఆ సందడి తగ్గింది. ప్రావిన్షియల్ నామినీ పథకం కింద 2024లో 1,10,000 మందిని తీసుకోవాలనుకున్న కెనడా, ఇళ్ల కొరత వగైరా కారణాలు చెప్పి 2025కి ఆ లక్ష్యాన్ని 55,000కు కోసేసింది. ఇప్పుడు 2026కి 91,500 అనగానే కన్సల్టెన్సీల షట్టర్లు లేచాయి. ఆ పథకం మీదే సస్కాచివాన్ ప్రావిన్సు నామినేషన్‌తో 2019 జనవరిలో భార్యనూ నాలుగేళ్ల పాపనూ వెంటబెట్టుకుని దాని రాజధాని రిజైనాలో దిగినవాణ్ని నేను. మాది తణుకు. అందుకే ఈ ఉత్తరం.

పథకం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాకు వచ్చేవాళ్లంతా టొరంటో, మాంట్రియల్, వాంకూవర్‌లలోనే ఉండిపోతుంటే మిగతా ప్రావిన్సులు ‘మాకూ మనుషులు కావాలి’ అన్నాయి. 1990ల చివర్లో మానిటోబా లాంటి ప్రావిన్సులతో ఇది మొదలైంది. ప్రావిన్సు మనల్ని ఎంచుకుని పేరు పంపిస్తుంది, పీఆర్ ఇచ్చేది మాత్రం కెనడా కేంద్ర ప్రభుత్వం. పాయింట్లను బట్టి మనుషుల్ని ఎంచుకునే ‘ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ’ జాబితాలో ఉన్నవాళ్లకైతే నామినేషన్‌తో ఏకంగా 600 పాయింట్లు కలుస్తాయి. బదులుగా మనల్ని అడిగేది, ఆ ప్రావిన్సులో స్థిరపడే ఉద్దేశంతోనే వస్తున్నామన్న మాట. దాని కింద సంతకం పెడతాం.

ఆ సంతకానికి మా కన్సల్టెన్సీ ఆయన ఇచ్చిన విలువ ఏమిటంటే, “టొరంటోలో ల్యాండ్ అయ్యాక ఎవరూ అడగరండీ, రిజైనా టికెట్ దండగ.” ఫీజు మాత్రం రిజైనా పేరు మీదే తీసుకున్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. కెనడా హక్కుల చార్టర్‌లోని 6వ సెక్షన్ ప్రకారం పర్మనెంట్ రెసిడెంట్ ఏ ప్రావిన్సుకైనా వెళ్లి బతకొచ్చు. రెండో సగం ఆయన చెప్పలేదు. దరఖాస్తు రోజునే అక్కడ ఉండే ఉద్దేశం లేదని తేలితే అది తప్పుడు సమాచారం ఇవ్వడం కిందికి వస్తుంది, పీఆరే పోవచ్చు. పైగా టొరంటో ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఎక్కడికి వెళ్తున్నారు అని. రిజైనా అని చెప్పి తర్వాతి ఫ్లైట్ టికెట్ చూపించాను.

నాకేదో నీతి ఎక్కువై రిజైనా వెళ్లానని అనుకోకండి. టొరంటో పక్కనే బ్రాంప్టన్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు తన బేస్‌మెంటు అద్దె ఎంతో చెప్పాడు. దాదాపు ఆ డబ్బుకే రిజైనాలో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, కిటికీలతో సహా, వస్తోంది. అంతే లెక్క.

దిగిన రోజు బయట మైనస్ 31. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరైనా తెల్లవారలేదు. గడియారం చెడిపోయిందనుకుంది మా ఆవిడ. జనవరిలో ఇక్కడ సూర్యుడు వచ్చేసరికి తొమ్మిదవుతుందని, సాయంత్రం ఐదింటికే వెళ్లిపోతాడని మాకెవరు చెప్పారు? కారుకు కూడా రాత్రిపూట ప్లగ్గు పెట్టాలని, లేకపోతే పొద్దున ఇంజిన్ స్టార్ట్ కాదని చెప్పింది పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ. మేం కారు కొన్నది మే నెలలో కాబట్టి ఆ జ్ఞానం తర్వాతి చలికాలానికి పనికొచ్చింది.

చలి సంగతి సరే, అలవాటవుతుంది. అసలు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. మొదటిసారి దిగేటప్పుడే, తర్వాత తెచ్చుకోబోయే సామాన్ల జాబితా కస్టమ్స్‌కు ఇవ్వాలి. అందులో లేని వస్తువును తర్వాత తెస్తే సుంకం కట్టాల్సి రావచ్చు. మా ఆవిడ హారం, గాజులు తణుకులో బ్యాంకు లాకర్లో పెట్టి వచ్చాం. జాబితా అనేది ఒకటుంటుందనే మాకు తెలియదు. బంగారం ఎప్పుడు తెచ్చుకోవాలన్నా ఇప్పటికీ మాకు అదే టెన్షన్. లక్షల్లో ఫీజు తీసుకున్నవాడు ఒక్క వాక్యం చెప్పి ఉంటే పోయేది.

రిజైనాలో కొత్తగా వచ్చినవాళ్ల కోసమే ఒక కేంద్రం ఉంది. పైసా తీసుకోరు. ఉద్యోగం చేయాలంటే ఉండాల్సిన సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరుకు ఎక్కడికి వెళ్లాలి, హెల్త్ కార్డుకు ఏం పట్టుకెళ్లాలి, పాపను ఏ స్కూల్లో చేర్చాలి, అన్నీ కూర్చోబెట్టి చెప్పారు. మేం అక్కడికి వెళ్లింది పదకొండో రోజున, అదీ గ్రాసరీ షాపులో కలిసిన ఒక గుజరాతీ ఆయన చెబితే. ఇంకా చిత్రమేమిటంటే, పీఆర్ మంజూరైనవాళ్లు సొంత దేశంలో ఉండగానే వాడుకోవడానికి కెనడా ప్రభుత్వం తన ఖర్చుతో ఉచిత సేవలు నడుపుతోంది. ఉద్యోగం వెతకడం, రెజ్యూమే మార్చుకోవడం, మన డిగ్రీకి ఇక్కడ విలువ కట్టించుకోవడం లాంటివి అందులో నేర్పుతారు. హైదరాబాద్‌లో కొనుగోళ్ల విభాగంలో తొమ్మిదేళ్లు చేసిన నేను, ‘కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ ఏదీ?’ అనిపించుకుంటూ ఐదు నెలలు గోడౌన్లో రాత్రి షిఫ్టులు చేశాక అవి ఉన్నాయని తెలిసింది.

ఇక ‘షో మనీ’. కుటుంబాన్ని కొన్నాళ్లు పోషించుకునే డబ్బు చేతిలో ఉందని చూపించాలన్నది నిబంధన. ఆ డబ్బు మనదై ఉండాలి, అప్పు కాకూడదు. కొందరు దళారులు దాన్ని వడ్డీకి సర్ది, పని కాగానే వెనక్కి లాగేసుకుంటారు. అలా ఖాళీ చేతులతో దిగిన కుర్రాణ్ని ఒకణ్ని మేం ఆరు వారాలు మా హాల్లో పడుకోబెట్టుకున్నాం. ఆ నిబంధన ఎందుకు పెట్టారో వాడికి మొదటి వారంలోనే అర్థమైంది, పాపం.

ఇంతకీ ఈ ప్రావిన్సు మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. మనకు దిగుమతయ్యే మసూర్ పప్పులో చాలా భాగం కెనడాదే, అందులోనూ ఎక్కువ ఈ సస్కాచివాన్ పొలాలదే. విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి రెట్టింపు పైమాటే. జనం చూస్తే పన్నెండు లక్షలు. అందుకే మనుషుల కోసం అడుగుతున్నారు. 2025 మొదట్లో ఈ ప్రావిన్సు నామినేషన్ల కోటా 7,250 నుంచి 3,625కు పడిపోయింది. దొరికేవి అంత తక్కువైనప్పుడు, వచ్చినవాడు విమానాశ్రయం నుంచే మాయమైపోతే ఆ చోటు దక్కనివాడు మన పక్క వీధివాడే అయి ఉండొచ్చు. ఉండి చూసి, ఉద్యోగం దొరక్క ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోయినవాళ్లను నేనేమీ అనను. నా స్నేహితులే ముగ్గురు పక్క ప్రావిన్సులోని కాల్గరీ వెళ్లారు. రాకముందే వెళ్లిపోవడం నేర్పే వ్యాపారం గురించే నా ఫిర్యాదు.

గల్ఫ్ వెళ్లే కార్మికులకు విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు శిక్షణ ఇప్పిస్తోంది. మంచి పని. పీఆర్ మీద వెళ్లేవాళ్లు చదువుకున్నవాళ్లు కదా, వాళ్లే చూసుకుంటారులే అనుకుంటారు కాబోలు. చదువుకున్నవాడు మోసపోతే బయటికి చెప్పుకోడు, తేడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాస తెలుగువాళ్ల కోసం ఒక సొసైటీ ఉంది, తెలంగాణకు విదేశీ ఉద్యోగాల కోసం సంస్థ ఉంది. నెలకొక శనివారం విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ రెండు గంటలు కూర్చోబెట్టి ఈ కాగితాల సంగతి చెప్పించడం వాటికి భారం కాదు. ఇక్కడినుంచి వీడియో కాల్‌లో మాట్లాడటానికి నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మన ప్రభుత్వాలు దాన్ని తెప్పించుకుని ఒకసారి చదవాలి.

చివరిగా మీకు ఒక విన్నపం. డబ్బు తీసుకుని కెనడా దరఖాస్తు నడిపించాలంటే అక్కడి లైసెన్సు ఉన్న కన్సల్టెంటో, లాయరో అయి ఉండాలి. ఆఫీసు అమీర్‌పేటలో ఉన్నా ఇదే నియమం. కన్సల్టెంట్లకైతే ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. అది అసలుదో కాదో వాళ్ల నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. కెనడా పీఆర్ ప్రకటన ఇచ్చేవాళ్లను మీ ప్రకటనల విభాగం ఆ నంబరు అడిగి, ప్రకటనలోనే అచ్చు వేయాలి. అలా అడిగిన మొదటి ఆదివారం మీ పేజీలో ఎన్ని ప్రకటనలు మిగులుతాయో చూడాలని ఉంది.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
రిజైనా, సస్కాచివాన్, కెనడా