కీమో వార్డులో టీవీ సరే, రిమోట్ ఎవరి దగ్గర?

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ రోగుల డే కేర్ వార్డులో పెద్ద టీవీలు పెట్టారన్న వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చూశాను. ఫొటోలో గోడకు టీవీ, దాని ముందు రిబ్బను, రిబ్బను చుట్టూ పెద్దలు. రోగి ఒక్కరూ కనపడలేదు. మా అక్కకు వేరే ఆసుపత్రిలో అలాంటి వార్డులోనే కీమో జరిగింది, పక్కన కూర్చున్నది నేను. అందుకే ఆలస్యమైనా రాస్తున్నాను.

టీవీ వద్దని ఎవరూ అనరు. టాక్సాల్ లాంటి కీమో మందు ఎక్కడానికే మూడు గంటలు పడుతుంది. ముందు ఇచ్చే ఇంజెక్షన్లు, సెలైన్లు కలుపుకుంటే పూటంతా అక్కడే. చేతికి సూది పెట్టుకుని ఎంతసేపని ఫ్యాను వంక చూస్తారు? కానీ ఆ టీవీలో ఏమొస్తోందో ఆసుపత్రి వాళ్లు ఒక్క రోజైనా కూర్చుని చూశారా అని నా ప్రశ్న.

మా అక్క వార్డులో పొద్దున భక్తి ఛానల్. మంచిదేగా అనుకుంటే గరుడ పురాణం ప్రవచనం. పోయాక ఏ పాపానికి ఏ శిక్షో సెలైన్ ఎక్కుతున్నవాళ్లు ఓపిగ్గా వినాలి. తర్వాత వంటల కార్యక్రమం. మందు వాసనకే కడుపులో తిప్పేవాళ్ల ముందు నాటుకోడి కూర. మధ్యాహ్నం సీరియల్లో కోడలికి బ్రెయిన్ ట్యూమర్, ఆ రిపోర్టు బీరువాలో చీరల కింద. ఒకరోజైతే మాతృదేవోభవ వచ్చింది. 1993 నాటి ఆ సినిమాలో తల్లికి బ్లడ్ క్యాన్సర్. తను పోయేలోగా పిల్లల్ని తలో ఇంటికి దత్తత ఇచ్చేస్తుంది. ఏ జబ్బూ లేనివాళ్లే థియేటర్లో వెక్కివెక్కి ఏడ్చిన సినిమా అది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి కీమోకి వచ్చిన తల్లుల ముందు దాన్ని పెట్టి, అటెండరు భోజనానికి వెళ్లిపోయాడు. రిమోట్ అతని జేబులో.

మన సినిమాలకు క్యాన్సర్ అంటే ఒకటే దారి. 1981లో ప్రేమాభిషేకం నాటి నుంచీ డాక్టరు కళ్లద్దాలు తీశాడంటే మనిషి పోయినట్టే లెక్క. ఈలోగా వైద్యం ఎంతో దూరం వచ్చింది. పిల్లల్లో వచ్చే లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ చాలామందికి నయమవుతోంది. ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్‌ను 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో పెడుతున్నారు. సీరియళ్లు రాసేవాళ్లకు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇక పొగాకు మానమని చెప్పే ప్రకటనలు. 2012 అక్టోబరు 2 నుంచి, పొగతాగే సీన్లున్న సినిమాకు ముందూ మధ్యలోనూ వాటిని తప్పనిసరి చేశారు. బయటి జనానికి కావలసిందే, కాదనను. కానీ నోటికి ఆపరేషనై ముక్కు గొట్టంతో కూర్చున్న మనిషికి అదే నోటి పుండును తెర నిండా చూపిస్తే ఏం నేర్చుకోవాలి? ఆయన మొహం గోడవైపు తిప్పుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు.

అసలు కోపం నాకు ఇక్కడ కాదు. అక్క ఏడ్చింది సినిమాలకు కూడా కాదు, తల నూనె ప్రకటనకు. ఆ పిల్ల జడ విసురుతుంటే మా అక్క వలవలా ఏడ్చేసింది. సిస్టర్ వచ్చి "ఇంత ధైర్యం లేకపోతే ఎలాగమ్మా, బీపీ పెరుగుతుంది" అని కసిరింది. ఇంట్లో కూడా అంతే, ప్రతి దానికీ కళ్లనీళ్లు, కాసేపటికే కోపం, రాత్రంతా నిద్ర లేదు. మనిషి మారిపోయిందని బావ బెంగపెట్టుకున్నాడు. వాంతులూ ఎలర్జీ రాకుండా కీమోతో పాటు డెక్సా అనే స్టెరాయిడ్ మందు ఇస్తారని, కొందరిలో అది నిద్ర చెడగొట్టి ఏడుపూ చిరాకూ తెప్పిస్తుందని తర్వాతెప్పుడో ఒక జూనియర్ డాక్టరు మాటల్లో చెప్పింది. జబ్బు దిగులు ఎలాగూ ఉంటుంది, దానికి మందు తోడైంది. ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెబితే ఎవరి సొమ్ము పోయింది?

అలాగని ఏడుపు సినిమాలన్నీ మానేయమని అనడం లేదు. మాతృదేవోభవ వచ్చిన రోజు నేను ఛానల్ మార్పించబోతే పక్క కుర్చీలో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఉంచమ్మా, ఇంట్లో ఏడిస్తే కోడలు కంగారు పడుతుంది, ఇక్కడైతే సినిమాకి అనుకుంటారు" అంది. ఆమెకు కావలసింది అది, మా అక్కకు కావలసింది పాత కామెడీ సినిమా. గోడకు ఒక టీవీ బిగించి, గొంతు పెంచి, అందరికీ ఒకటే వడ్డిస్తే ఎలా? తలా ఒక ఇయర్‌ఫోను, కుర్చీకో చిన్న తెర ఇవ్వొచ్చు. అంత డబ్బు లేదంటే కనీసం రిమోట్ రోగుల మధ్య తిరగనివ్వండి.

డబ్బు లేదని మాత్రం నేను నమ్మను. మన దగ్గర గోడకు బిగించే వస్తువుకు, శిలాఫలకానికి నిధులు ఎప్పుడూ ఉంటాయి. అదే వార్డులో మరుగుదొడ్డికి గొళ్లెం లేదు. బయాప్సీ రిపోర్టు ఏ కిటికీ దగ్గర ఇస్తారో చెప్పేవాడు లేడు. రోగితో పది నిమిషాలు మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారా అని అడిగితే పోస్టు ఖాళీ అన్నారు. టీవీ మాట్లాడుతుంది కదా, ఇక మనిషెందుకు అనుకున్నారేమో.

కీమోకి ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి అని రాసి ఉంటుంది. దాని కిందే, కొన్ని మందుల వల్ల ఊరికే ఏడుపో కోపమో రావచ్చు, తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి అని తెలుగులో ఒక్క వాక్యం చేర్చమని ఆసుపత్రి ఆఫీసులో అడిగాను. ఫారం పైనుంచి వస్తుంది, మేం మార్చకూడదు అన్నారు. మా అక్క సంతకం పెట్టిన ఆ ఫారం మొత్తం ఇంగ్లిషులోనే ఉంది.

ఇట్లు
ఒక పాఠకురాలు
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)