గురువారం పాంపే: పిల్లలతో వచ్చేవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపే చూడ్డానికి, గురువారం పొద్దున 8:45కి అక్కడి పోర్టా మరీనా గేటు దగ్గర కలుద్దాం.

టికెట్ల మీద పేర్లు పడతాయి. మంగళవారం రాత్రిలోగా పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లు ఇక్కడ పెట్టండి. 18 ఏళ్ల లోపు ఉచితమే, కానీ వయసు రుజువు తేవాలి.

నేపుల్స్‌లో సొరెంటో రైలే ఎక్కండి. దిగేది ‘పాంపే స్కావి’. పొజ్జోమరీనో రైలెక్కితే వేరే స్టేషన్‌లో దిగుతారు, చాలామంది పొరబడేది ఇక్కడే.

30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు. స్ట్రోలర్ వద్దు, రాళ్ల సందుల్లో చక్రాలు ఇరుక్కుంటాయి.

ఇంటికో కొలత టేపు తప్పనిసరి! వీధి దాటడానికి వేసిన ఎత్తురాళ్ల మధ్య, బండి చక్రాలు అరగదీసిన గాడులు ఇప్పటికీ ఉన్నాయి. రెండు గాడుల మధ్య దూరం, లోతు పిల్లలే కొలిచి రాసుకోవాలి. తర్వాత రొట్టెల బట్టీ, లావారాతి తిరగళ్లు. గోడలు మాత్రం ముట్టుకోనివ్వకండి, రంగు రాలిపోతుంది.

నీడ తక్కువ. టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు.