డేటా సర్వర్లు అందకపోవడంపై ఫిర్యాదు: మూసేసిన టికెట్ తిరిగి తెరవాలి

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఫర్మ్‌వేర్ మార్చాక పీఎన్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లను ఒకేసారి పలు సర్వర్లతో నేరుగా చదివే, రాసే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతి) క్లయింట్లకు డేటా సర్వర్లు అందకపోవడం, పరిష్కరించకుండానే టికెట్ మూసేయడం గురించి.

అయ్యా,

మీ దగ్గర కొన్న స్టోరేజ్‌లో ఫైళ్ల వివరాలు చూసే ఒక మెటాడేటా సర్వరు, అసలు డేటా ఉండే నాలుగు డేటా సర్వర్లు ఉన్నాయి. ఒక్కోదానికి 25 గిగాబిట్ల లింకు. క్లయింటు మెటాడేటా సర్వరు దగ్గర లేఅవుట్ (ఫైలు డేటా ఏ డేటా సర్వర్లలో ఉందో చెప్పే వివరం) తీసుకుని, ఆపైన నేరుగా డేటా సర్వర్లతోనే చదవడం, రాయడం చేయాలి. మేం డబ్బు పెట్టింది ఆ నాలుగు దారుల కోసమే. మీ ఇంజనీర్లు ఫర్మ్‌వేర్ మార్చి వెళ్లిన దగ్గర్నుంచి డేటా అంతా మెటాడేటా సర్వరు గుండానే పోతోంది. నాలుగు లింకులు కలిపి 100 గిగాబిట్లకు అవకాశం ఉన్నచోట ఇప్పుడు 25 దాటే వీలే లేదు.

మీ బృందం "పీఎన్‌ఎఫ్‌ఎస్ పనిచేస్తోంది, మీ నెట్‌వర్క్ చూసుకోండి" అని రాసి టికెట్ మూసేసింది. వాళ్లు ఆధారంగా చూపింది, మౌంట్ గణాంకాలుండే మౌంట్‌స్టాట్స్ ఫైల్లో లేఅవుట్ రకం కనిపించే ఒక్క లైను. సర్వరూ క్లయింటూ ఏ రకం లేఅవుట్‌కు ఒప్పుకున్నాయో ఆ లైను చెబుతుంది, అంతే. డేటా సర్వరుకు ఒక్క ప్యాకెట్టు చేరకపోయినా అది అలాగే ఉంటుంది. డేటా సర్వరు అందనప్పుడు లినక్స్ క్లయింటు అప్లికేషన్‌కు ఎర్రర్ ఇవ్వకుండా, మెటాడేటా సర్వరు ద్వారానే పని కానిచ్చేస్తుంది. అందుకే ఈ తప్పు పైకి కనబడదు.

చూడాల్సింది టీసీపీ కనెక్షన్లు. పెద్ద ఫైలు రాస్తుండగా క్లయింటులో ఎస్‌ఎస్ కమాండుతో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టు కనెక్షన్లు చూడండి. మెటాడేటా సర్వరుది ఒక్కటే ఎస్టాబ్లిష్డ్‌లో (కనెక్షన్ కుదిరిన స్థితిలో) ఉంటుంది. మిగతావి సిన్-సెంట్ (కనెక్షన్ అడిగి జవాబు కోసం చూసే స్థితి) దగ్గరే ఆగి ఉంటాయి. అవి వెళ్తున్న అడ్రసులు మేం మీకిచ్చిన క్లయింటు నెట్‌వర్కువి కావు.

ఆ అడ్రసులు ఎక్కడివో ప్యాకెట్ క్యాప్చర్‌లో తేలింది. మీ బృందం క్యాప్చర్ తీసింది మౌంట్ అయిపోయాక. క్లయింటు డివైస్ వివరాలను దాచుకుంటుంది కాబట్టి అప్పుడు గెట్‌డివైస్‌ఇన్ఫో (డేటా సర్వర్ల అడ్రసులు అడిగే సందేశం) మళ్లీ పోదు, క్యాప్చర్‌లో దొరకదు. ముందు అన్‌మౌంట్ చేసి, ప్యాకెట్లు పట్టే టీసీపీడంప్ మొదలుపెట్టి, ఆ తర్వాత మౌంట్ చేసి ఫైలు తెరవాలి. అలా తీస్తే మీ సర్వరు ఇచ్చిన జవాబులో మొదటి డేటా సర్వరు అడ్రసు 192.168.10.21.8.1 అని ఉంది. చివరి రెండు అంకెలు పోర్టు: 8ని 256తో గుణించి 1 కలిపితే 2049. పోర్టు సరైనదే. 192.168.10 మాత్రం మీ కంట్రోలర్లు తమలో తాము మాట్లాడుకునే లోపలి నెట్‌వర్కు. మిగతా మూడింటికీ ఇదే వరస. పాత ఫర్మ్‌వేర్ ఉన్నప్పటి క్యాప్చర్‌లో ఇదేచోట క్లయింటు వైపు అడ్రసులున్నాయి. మీ ఇంజనీరు పింగ్ చేసి చూపిన అడ్రసులు కూడా అవే. అవి పలుకుతాయి, కాదనడం లేదు. కానీ మీ సర్వరు క్లయింటుకు చెబుతున్నది వాటిని కాదు.

ఆ లోపలి అడ్రసుకు క్లయింటు నుంచి దారి లేదు. ప్యాకెట్టు డిఫాల్ట్ గేట్‌వేకి పోతుంది, ఫైర్‌వాల్ జవాబివ్వకుండా పారేస్తుంది. రీసెట్ (కనెక్షన్ కుదరదనే జవాబు) వస్తే వెంటనే తేలిపోయేది. రాదు కాబట్టి కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్టు 1, 3, 7 సెకన్ల దగ్గర మళ్లీ మళ్లీ వెళ్తుంది. చివరికి క్లయింటు ఆ డివైస్‌ను 120 సెకన్లు పక్కనపెట్టి, మళ్లీ ప్రయత్నిస్తుంది. జాబులు రెండేసి నిమిషాలకోసారి బిగుసుకుపోవడానికి కారణం ఇదే. దీన్ని మీవాళ్లు "క్లయింటు లోడు" అని రాశారు.

దీని వెనకాల ఇంకో లోపం పొంచి ఉంది. మూడో డేటా సర్వరు క్లయింటు వైపు అడ్రసుకు, ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 8972 బైట్ల పింగ్ పంపితే జవాబు లేదు, 1472 బైట్లకు వస్తోంది. రెండు చివర్లా ఎంటీయూ (ఒక ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం) 9000 బైట్లు. మధ్యలో మీరిచ్చిన ర్యాక్ స్విచ్చిలో ఆ పోర్టు ఒక్కటే 1500 దగ్గర ఉన్నట్టుంది. స్విచ్చి పెద్ద ఫ్రేములను చెప్పకుండా పారేస్తుంది. సెషన్ కుదిర్చే చిన్న సందేశాలు దాటిపోతాయి, రాత మొదలవగానే కనెక్షన్ నిలిచిపోతుంది. అడ్రసు ఒక్కటే సరిచేసి వెళ్తే మర్నాడే ఇది బయటపడుతుంది. రెండూ ఒకే రాకలో చూడండి.

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4.0తో మౌంట్ చేసుకోమన్న మీ సలహా మాకు పనికిరాదు. పీఎన్‌ఎఫ్‌ఎస్ ఉన్నదే 4.1 నుంచి. లోపలి నెట్‌వర్కుకు రూట్ పెట్టమన్నదీ ఒప్పుకోం. కంట్రోలర్ల మధ్య నడిచే ట్రాఫిక్‌ను క్లయింట్లకు తెరవడం భద్రతకే ముప్పు.

టికెట్ తిరిగి తెరిచి, ఫర్మ్‌వేర్ డెవలపర్లకు పంపండి. క్లయింట్ల కోసం కేటాయించిన ఇంటర్‌ఫేస్‌ల అడ్రసులే గెట్‌డివైస్‌ఇన్ఫోలో వచ్చేలా సరిచేయాలి. అది సిద్ధమయ్యేలోగా పాత ఫర్మ్‌వేర్‌కు తిప్పడానికి ఇంజనీరును పంపండి. పని పూర్తయిందని రాసే ముందు మా ఎదురుగా నాలుగు డేటా సర్వర్లకూ ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్లు చూపించాలి, రాత నడుస్తుండగా నాలుగు లింకుల మీదా ట్రాఫిక్ కనిపించాలి. పూర్తి వేగం అందని కాలానికి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) గడువు పొడిగించాలి. పది పనిదినాల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
స్టోరేజ్ నిర్వహణ బృందం,
కంప్యూటర్ సెంటర్, హైదరాబాద్

జతపరచినవి: ఫర్మ్‌వేర్‌కు ముందు, తర్వాత తీసిన ప్యాకెట్ క్యాప్చర్లు, కనెక్షన్ల జాబితా, నాలుగు డేటా సర్వర్ల పింగ్ ఫలితాలు, మీ బృందం టికెట్ మూసిన మెయిలు ప్రతి.