బిల్లు పెరిగితే ల్యాప్‌టాప్‌దా తప్పు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కరెంటు బిల్లుల మీద అరపేజీ ఐటమ్ వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. ఆగినా తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ ఒక్కటే నెలకు 47 యూనిట్లు కాలుస్తుందని మీ విలేకరి తేల్చేశారు. ఎలా తేల్చారో కనిపెట్టడం పెద్ద కష్టమేం కాదు. చార్జర్ మీద 65 వాట్లని ఉంటుంది. దాన్ని 24 గంటలతో, మళ్లీ 30 రోజులతో గుణించారు. అంటే ఆ ఇంట్లో ఉద్యోగం చేసే మనిషికి నిద్ర లేదు, భోజనం లేదు, సెలవు లేదు! సరే, గంటల సంగతి వదిలేద్దాం. ఆ 65 అనేది చార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. లిఫ్టులో ఎనిమిది మంది అని రాసి ఉన్నంత మాత్రాన ఎక్కిన ప్రతిసారీ ఎనిమిది మందీ ఉంటారా?

ఆ ఐటమ్ పుణ్యమా అని మా పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేశారు. చార్జర్ తిరగేసి, ఇన్‌పుట్ అని ఉన్నచోట 1.5 ఆంపియర్లని చదివి, దాన్ని 230 వోల్టులతో గుణించి 345 వాట్లని లెక్క తేల్చారు. ఆ పక్కనే 100 నుంచి 240 వోల్టులని కూడా ఉంది మహాప్రభో అంటే వినరే! ఏ దేశంలో పెట్టినా పనిచేయాలని చేసిన చార్జర్ అది. ఆ ఆంపియర్లు అతి తక్కువ వోల్టేజీ దగ్గర, పూర్తి లోడు మీద, కాస్త మార్జిన్ కలిపి వేసిన అంకె. కింద ఔట్‌పుట్ దగ్గర 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లని ఉంటుంది. గుణిస్తే 65 వస్తుంది. దానిలో కూడా మామూలు పనికి సగం పట్టదు.

ప్లగ్గులో పెట్టి చూసే చిన్న మీటరు నా దగ్గర ఉంది. మా కోడలు ఆఫీసు ల్యాప్‌టాప్ టైపింగ్ పనికి 20 వాట్ల దగ్గర ఆడుతుంది. వీడియో కాల్‌లో 30కి అటూ ఇటూ. బ్యాటరీ ఖాళీ అయ్యాక చార్జింగ్ పెట్టి పని కూడా చేస్తుంటే 60 దాటుతుంది, బ్యాటరీ నిండగానే మళ్లీ దిగిపోతుంది. ఎక్కువలో ఎక్కువ 30 వేసుకున్నా 8 గంటలకు 240 వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్, అంటే ఇది పావు యూనిట్ లోపే. నెలకు 26 పనిదినాలకు 6 యూనిట్ల పైచిలుకు. మీరేమో 47 అన్నారు! ఆటల కోసం కొనే భారీ ల్యాప్‌టాపులు వేరే జాతి, అవి 200 వాట్లు కూడా లాగుతాయి. మీరు రాసింది వాటి గురించి కాదు కదా.

ఆ చిన్న మీటరు లేనివాళ్లు గోడమీద ఉన్న కరెంటు మీటరు దగ్గరే నిలబడి చూడొచ్చు. చాలా మీటర్ల మీద యూనిట్‌కు 3200 పల్సులని ఉంటుంది, అంటే పక్కనే ఉన్న ఎర్ర లైటు అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంచితే, ఆ లైటు ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి అర నిమిషం పైనే పడుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే ఉంచితే పదిహేను సెకన్లకోసారి. గీజర్ వేస్తే సెకనుకు దాదాపు రెండుసార్లు! మీ విలేకరి కూర్చున్న చోటు నుంచి లేచి ఈ పని చేసుంటే అరపేజీ మిగిలేది. వైఫై రౌటర్‌ను చూడండి, తాగేది 10 వాట్లే అయినా రోజంతా వెలుగుతూనే ఉంటుంది. లెక్కవేస్తే ల్యాప్‌టాప్ 8 గంటల ఖర్చుతో సమానం. దాన్ని ఒక్కరూ ఏమీ అనరు.

ఇక మీరిచ్చిన సలహాలు. చార్జింగ్ నిండగానే ప్లగ్గు పీకి బ్యాటరీ మీద పనిచేస్తే కరెంటు ఆదా అన్నారు. ఆ బ్యాటరీలోకి కరెంటు ఆకాశం నుంచి దిగిందా? అదే ప్లగ్గులోంచి వచ్చింది, పైగా ఎక్కించేటప్పుడు కొంత వేడిగా పోతుంది. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది బ్యాటరీ ఆయుష్షు కోసం, బిల్లు కోసం కాదు. స్క్రీన్‌సేవర్ పెట్టుకోమన్నారు. అది డబ్బా మానిటర్ల కాలం నాటి మాట. ఇప్పటి స్క్రీన్లలో చాలావాటికి బొమ్మ ఏది ఆడినా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. వెలుతురు తగ్గించండి, లేచి వెళ్లేటప్పుడు మూత వేయండి అని రాసుంటే కొంతైనా ఉపయోగపడేది. ఈ సలహాలు పట్టుకుని మా ఆవిడ కోడలి చార్జర్ పీకడం మొదలుపెట్టింది. మీటింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది. "మామయ్యగారూ, మీరైనా చెప్పండి" అని ఆ అమ్మాయి గోల.

కంపెనీల సంగతి కూడా అడక్కండి. ల్యాప్‌టాప్ కరెంటు ఎంతవుతుందో చెప్పండి, ఇచ్చేస్తాం అంటాయి. ఎందుకనవు, 6 యూనిట్లేగా! మనిషి పగలంతా ఇంట్లో కూర్చుంటే పైన తిరిగే ఫ్యాను, లైట్లు, ఎండాకాలం ఏసీ ఎవరి ఖాతా? ఏసీ ఒక్క గంట ఆడితే ల్యాప్‌టాప్ నాలుగైదు రోజులకు సరిపడా కరెంటు పోతుంది. ఆఫీసులో ఆ ఖర్చు కంపెనీది, ఇంటికొచ్చేసరికి మనది. రాయాల్సిన వార్త ఇది.

విద్యుత్ అధికారులకైతే మీ ఐటమ్ పాయసం తాగినట్టుంటుంది. బిల్లు ఎందుకు పెరిగిందని వెళ్లి అడిగితే "మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా?" అని ఎదురు ప్రశ్న. రీడింగ్ తీసే అబ్బాయి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే ఆ నాలుగు రోజుల వాడకం పై స్లాబులోకి ఎగబాకిందేమో అని అనుమానం, దానికి జవాబు చెప్పే నాథుడు లేడు. ఇంధన ఖర్చు పేరుతో బిల్లులో కలిపే సర్దుబాటు చార్జీ ఏమిటని అడిగితే పైనుంచి వచ్చిందంటారు. ఆ పైన ఎవరుంటారో ఇంతవరకూ తెలియలేదు. బిల్లు కాగితం మీద అక్షరాలైతే రెండు నెలల్లో మాయం, ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి తెల్లకాగితం మిగులుతుంది.

ఒకప్పుడు మీ పత్రికలో అంకె వేస్తే ఎవరో ఒకరు రెండోసారి లెక్క చూసేవారు. ఇప్పుడు ఆ ఉద్యోగం తీసేసినట్టున్నారు. దయచేసి సవరణ వేయండి. ఏదో మూల 'చింతిస్తున్నాం' అని రెండు లైన్లు కాదు, ఆ ఐటమ్ వేసిన పేజీలోనే, అంత అక్షరాలతోనే. చిన్నదిగా వేస్తే మా ఆవిడ చదవదు, చార్జర్ పీకడం ఆపదు.

ఇట్లు
మీ పాత పాఠకుడు